గడప దాటిన రాజ్యానికి శిక్ష ఏది?

2025 జూన్‌లో కేరళ హైకోర్టు ఒక చిన్న కేసును తేల్చింది. పోలీసు రికార్డుల్లో నేరచరితుడిగా నమోదైన ఒక వ్యక్తి ఇంటికి పోలీసులు రాత్రివేళ వెళ్ళి తలుపు తట్టారు. అతను ఇంట్లో ఉన్నాడో లేడో చూసుకోవడం తమ విధి అన్నారు. బయటికి రమ్మంటే అతను రాలేదు. తమను దూషించాడని, బెదిరించాడని అతనిపైనే కేసు పెట్టారు. న్యాయమూర్తి జస్టిస్ వి.జి. అరుణ్ ఆ కేసును కొట్టివేశారు. నిఘా పేరు చెప్పి రాత్రిపూట ఇళ్ళ తలుపులు తట్టే అధికారం పోలీసులకు లేదన్నారు. కేరళ పోలీసు మాన్యువల్ అలాంటివారిని కనిపెట్టి ఉండమంటుందే తప్ప, రాత్రివేళ ఇంటి మీదికి వెళ్ళమని ఎక్కడా చెప్పలేదని తేల్చారు. మనిషికి తన ఇల్లే కోట, తన ఇల్లే గుడి అన్న భావమూ ఆ తీర్పులో ఉంది.

తీర్పు బాగుంది. పత్రికలూ మెచ్చుకున్నాయి. కానీ ఇదే తలుపు చప్పుడు గురించి, ఇంచుమించు ఇవే మాటలతో, సుప్రీంకోర్టు 1962 డిసెంబర్‌లోనే తీర్పు చెప్పి ఉంది. అరవై రెండేళ్ళు దాటిన తర్వాత ఒక హైకోర్టు అదే పాఠాన్ని మళ్ళీ మొదటి అక్షరం నుంచి చెప్పవలసి వచ్చింది. పాఠం అస్పష్టంగా ఉండి ఇలా జరిగిందనుకోవడానికి వీల్లేదు. పాఠం విననివాడికి ఈ అరవై రెండేళ్ళలో ఏ నష్టమూ కలగలేదు. అసలు సంగతి అక్కడుంది.

1962 నాటి ఆ కేసు ఖరక్ సింగ్ అనే వ్యక్తిది. 1941లో, నేటి ఉత్తరప్రదేశ్‌లో, పోలీసులు అతన్ని ఒక బందిపోటు కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేసి ఊరుకోక అతని పేరిట 'హిస్టరీ షీటు' తెరిచారు. అప్పటినుంచి రాత్రివేళ కానిస్టేబుళ్ళు, గ్రామ చౌకీదార్లు వచ్చి తలుపు బాదుతారని, కేకలు వేసి నిద్ర లేపుతారని, ఊరు విడిచి వెళ్ళాలంటే ఎక్కడికి వెళ్ళేదీ ఎప్పుడు తిరిగి వచ్చేదీ చౌకీదారుకు చెప్పుకోవలసి వస్తోందని అతను నేరుగా సుప్రీంకోర్టుకు విన్నవించుకున్నాడు. పోలీసులు చూపిన ఆధారం యూపీ పోలీసు రెగ్యులేషన్లలోని 236వ నిబంధన. ఇంటిని రహస్యంగా కాపు కాయడం, రాత్రిపూట ఇంటికి వెళ్ళడం, అలవాట్లను, సంబంధాలను, రాబడిని ఆరా తీయడం, రాకపోకలను నమోదు చేయడం వంటివన్నీ అందులో వరుసగా రాసి ఉన్నాయి.

ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ వరుసలోంచి రాత్రి సందర్శన ఒక్కదాన్నే కొట్టివేసింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ రాజగోపాల అయ్యంగార్, ఇల్లు మనిషికి కోట అన్న పాత ఆంగ్ల న్యాయసూత్రాన్ని గౌరవంగా తలచుకున్నారు. అదే చేత్తో, గోప్యత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదనీ రాశారు. ఫలితంగా పోలీసు తలుపు తట్టడం తప్పయింది గానీ, అదే పోలీసు గుమ్మానికి ఎదురుగా చెట్టుకింద కూర్చుని లోపలికి వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ రాసుకోవడం తప్పు కాకుండా పోయింది. పైగా రాత్రి సందర్శన చెల్లకపోవడానికి మెజారిటీ చెప్పిన కారణం ఆ రెగ్యులేషన్లు శాఖాపరమైన ఆదేశాలే తప్ప చట్టం కావన్నది. రేపు శాసనసభ చట్టమే చేస్తే పరిస్థితి ఏమిటన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

దీన్ని ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు. మరొకరు జస్టిస్ జె.సి. షా. గోప్యత అన్న మాట రాజ్యాంగంలో కనిపించకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయరాని భాగమని సుబ్బారావు రాశారు. కాళ్ళకు సంకెళ్ళు లేనంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదు. అడుగడుగునా నీడ వెంటాడుతుంటే ఆ మనిషికి దేశమంతా కారాగారమే అవుతుందన్నది ఆయన వాదన సారం. ఫోన్లు కూడా అరుదైన రోజుల్లో, గ్రామ చౌకీదారును, కానిస్టేబులును చూసి ఆయన ఈ మాట అన్నారు. 236వ నిబంధన మొత్తంగా చెల్లదని ఆయన తేల్చారు. ఇద్దరి మాట నలుగురి ముందు నెగ్గలేదు.

నెగ్గడానికి దాదాపు యాభై ఐదేళ్ళు పట్టింది. ఆధార్ వ్యవహారంలో కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి వేసిన పిటిషన్ విచారణకు వచ్చినప్పుడు, కేంద్ర ప్రభుత్వం తరఫు వాదన ఖరక్ సింగ్ మెజారిటీ తీర్పు మీద, అంతకుముందు 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిది మంది న్యాయమూర్తులు ఇచ్చిన తీర్పు మీద నిలబడింది. గోప్యత ప్రాథమిక హక్కే కాదన్నది ఆ వాదన. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా దాన్ని తోసిపుచ్చింది. పాత తీర్పులు రెండూ ఆ మేరకు చెల్లవంది. జస్టిస్ నారిమన్ తన అభిప్రాయంలో భారత న్యాయచరిత్రలోని మూడు గొప్ప అసమ్మతి తీర్పులను పేర్కొంటూ సుబ్బారావు తీర్పును వాటిలో చేర్చారు. రాజ్యం వ్యక్తి గోప్యతలోకి చొరబడాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, ఆ లక్ష్యానికి తగిన మోతాదులోనే చొరబాటు ఉండాలి అన్న కొలమానం అప్పటినుంచి అమల్లో ఉంది.

పుట్టస్వామి తీర్పుపై తెలుగులోనూ ఎన్నో వ్యాసాలు వచ్చాయి. వాటిలో చాలామటుకు ఇక్కడ ఆగిపోయి చప్పట్లు కొట్టాయి. నిజానికి చూడవలసిన భాగం ఆ తర్వాత మొదలవుతుంది.

1973 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పూరణ్‌మల్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆదాయపు పన్ను అధికారుల సోదా చట్టవిరుద్ధమైనా సరే, ఆ సోదాలో దొరికిన కాగితాలను సాక్ష్యంగా వాడుకోవచ్చని అది తేల్చింది. కాగితం కేసుకు సంబంధించినదైతే చాలు, అది ఏ దారిన కోర్టు బల్ల మీదికి వచ్చిందన్నది సాధారణంగా అడ్డు కాదు. అంతకుముందే రహస్యంగా రికార్డు చేసిన సంభాషణల విషయంలోనూ సుప్రీంకోర్టు ఇదే దారి పట్టింది. ఈ సూత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పుట్టస్వామి తీర్పు ఎం.పి. శర్మ పునాదిని కూల్చింది; ఆ పునాదిపై ఆనుకుని కట్టిన పూరణ్‌మల్ గోడ మాత్రం అలాగే నిలబడి ఉంది.

దీని అర్థం ఆచరణలో ఇలా ఉంటుంది. వారంటు లేకుండా, కారణం నమోదు చేయకుండా ఒక అధికారి ఇంట్లోకి వస్తాడు. అల్మారాలు తెరుస్తాడు. పరుపులు తిరగేస్తాడు. కొన్నాళ్ళకు ఆ సోదా చట్టవిరుద్ధమని కోర్టు కూడా ఒప్పుకుంటుంది. ఒప్పుకుని, దొరికిన కాగితాలను విచారణలోకి తీసుకుంటుంది. శాఖాపరమైన చర్య అన్నది ఆ అధికారి పై అధికారుల ఇష్టం. ఇంతా జరిగాక ఆ ఇంటివారికి మిగిలేది తమ గోప్యత ప్రాథమిక హక్కు అన్న జ్ఞానం.

గోప్యత తీర్పు వచ్చిన ఏడాదే, దానికి కొన్ని నెలల ముందు, పార్లమెంటు ఆర్థిక చట్టం ద్వారా మరో తలుపు మూసింది. ఆదాయపు పన్ను సోదాకు ఆధారమైన 'నమ్మడానికి కారణాలు' ఏమిటో ఏ వ్యక్తికీ, ఏ అధికారికీ, చివరికి అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు కూడా చెప్పనవసరం లేదని చట్టంలోనే రాసింది. అదీ పాత తేదీల నుంచి వర్తించేలా రాసింది. 2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం మరో మెట్టెక్కి, సోదా సమయంలో ఈమెయిళ్ళు, సామాజిక మాధ్యమ ఖాతాలు, ఆన్‌లైన్ పెట్టుబడి ఖాతాల వంటి వాటి పాస్‌వర్డులను దాటి లోపలికి వెళ్ళే అధికారమూ ఇచ్చింది. పుట్టస్వామి కొలమానంలో మొదటి మెట్టు 'చట్టం ఉండాలి' అన్నది. ప్రభుత్వాలు ఆ మెట్టును చక్కగా నేర్చుకున్నాయి. మిగిలిన రెండు మెట్ల మీద వాటిని నిలదీయవలసింది న్యాయస్థానాలే.

దీనికి ఎదురు వాదన ఒకటుంది. అది తీసిపారేయదగినది కాదు. కానిస్టేబులు చేసిన పొరపాటుకు నేరస్థుణ్ణి వదిలేస్తారా అని అడుగుతారు. 1961లో అమెరికా సుప్రీంకోర్టు మ్యాప్ కేసులో, అక్రమ సోదాలో దొరికిన సాక్ష్యం రాష్ట్రాల కోర్టుల్లోనూ చెల్లదని చెప్పినప్పటి నుంచి ఆ దేశంలో ఈ వాదన ఆగలేదు. ఇక్కడ దర్యాప్తులు అసలే బలహీనం, శిక్షలు పడేదే తక్కువ, బాధితులు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతుంటారు. అలాంటిచోట హత్యాయుధాన్ని సాంకేతిక కారణంతో పక్కన పెట్టమంటే ఆ కుటుంబానికి ఏం చెబుతారు? న్యాయమైన ప్రశ్నే. కానీ సాక్ష్యాన్ని తోసిపుచ్చడం ఒక్కటే మార్గమని ఎవరూ అనడం లేదు. సాక్ష్యాన్ని ఉంచుకున్న కోర్టు, గడప దాటినవాడి చేత పరిహారం కట్టించవచ్చు, అతని సర్వీసు రికార్డులో రాయించవచ్చు. అసలు మన కోర్టులకు కఠినంగా ఉండడం చేతకాదా అంటే అదీ కాదు. మాదక ద్రవ్యాల చట్టం 50వ సెక్షన్ కింద ఒంటిమీద సోదా చేసేటప్పుడు, గెజిటెడ్ అధికారి లేదా మెజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ఉందని నిందితుడికి చెప్పకపోతే, ఆ సోదాలో సరుకు దొరికిందన్న ఒక్క ఆధారంతో వేసిన శిక్ష నిలవదని 1999లో బల్‌దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే తేల్చింది. జేబు విషయంలో సాధ్యమైన కఠినత్వం ఇంటి విషయంలో ఎందుకు అసాధ్యమైంది?

ఫోన్ల సంగతీ ఇంతే. ఇంట్లోనో ఆఫీసులోనో కూర్చుని ఫోనులో మాట్లాడుకునే మాట గోప్యతలో భాగమేనని 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ట్యాపింగుకు హోంశాఖ కార్యదర్శి ఆదేశం ఉండాలని, ఆ ఆదేశాలను ఒక కమిటీ సమీక్షించాలని షరతులు పెట్టింది. ఆ కమిటీలో ఉండేదీ కార్యదర్శులే. ఒక కార్యదర్శి ఇచ్చిన ఆదేశాన్ని సాటి కార్యదర్శులు సమీక్షించే ఏర్పాటు ఎంత గట్టిదో చెప్పడానికి తెలంగాణ చాలు. 2024 మార్చిలో వెలుగు చూసిన కేసులో రాష్ట్ర నిఘా విభాగమే రాజకీయ ప్రత్యర్థుల, పాత్రికేయుల ఫోన్లు విన్నదని, ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులను ధ్వంసం చేసిందని ఆరోపణలు వచ్చాయి. నిజానిజాలు కోర్టు తేల్చాలి. అయితే ఆ వ్యవహారం సమీక్ష కమిటీ వల్ల బయటపడలేదు, ఎన్నికల్లో ప్రభుత్వం మారడం వల్ల బయటపడింది. ఢిల్లీలో జరిగింది ఇంకా విచిత్రం. పెగసస్ వ్యవహారంలో ప్రధాన న్యాయమూర్తిగా జస్టిస్ ఎన్.వి. రమణ 2021 అక్టోబర్‌లో సాంకేతిక కమిటీని వేశారు. జాతీయ భద్రత అన్న మాట వినిపించినంత మాత్రాన కోర్టు నోరు మూసుకోదని గట్టిగానే చెప్పారు. 2022 ఆగస్టులో నివేదిక వచ్చింది. పరీక్షించిన 29 ఫోన్లలో ఐదింటిలో ఏదో మాల్‌వేర్ ఉందని, అది పెగసస్ అని నిర్ధారించలేమని, ప్రభుత్వం సహకరించలేదని అందులో ఉంది. సహకరించనందుకు ప్రభుత్వానికి ఏమీ కాలేదు.

2025 మధ్యలో కొద్ది రోజుల తేడాతో రెండు హైకోర్టులు రెండు దారులు పట్టాయి. అవినీతి కేసులో ట్యాపింగును ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. మామూలు నేర పరిశోధన కోసం ఫోను వినడానికి చట్టం ఒప్పుకోదని మద్రాసు హైకోర్టు ట్యాపింగు ఆదేశాన్నే రద్దు చేసింది. పౌరుడి గోప్యత అతను ఏ హైకోర్టు పరిధిలో ఉంటాడన్న దాని మీద ఆధారపడడం సుప్రీంకోర్టు త్వరగా సరిదిద్దవలసిన స్థితి.

ఇంతవరకు గడప బయటి నుంచి వచ్చే చేయి గురించే. గడప లోపల ఉన్నవాళ్ళ సంగతికి వస్తే న్యాయస్థానాల చూపు పూర్తిగా మారిపోతుంది. తెలుగులో గోప్యతకు దగ్గరగా వచ్చే పాత మాట 'గుట్టు'. ఇంటిగుట్టు, కాపురం గుట్టు అంటాం. గుట్టు ఇంటికి ఉంటుంది, ఇంట్లోని ఒక్కొక్కరికీ విడివిడిగా ఉండదు; ఉన్నా అది దాపరికం అనిపించుకుంటుంది. కోర్టులు ఆంగ్లంలో ఎంత రాసినా ఈ 'గుట్టు' భావన వాటి లోలోపల ఉండనే ఉంది.

ఈ భావనను మొదట బద్దలు కొట్టింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. 1983లో సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి, హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేశారు. విడిగా ఉంటున్న జీవిత భాగస్వామిని కాపురానికి రమ్మని కోర్టు ద్వారా ఆదేశించే సెక్షన్ అది. మద్రాసులో ఉంటున్న సినీనటిని కడపలో వేసిన పిటిషన్ ద్వారా కాపురానికి పిలిచిన కేసు. ఒక స్త్రీ ఎవరితో ఉండాలో, ఎప్పుడు తల్లి కావాలో నిర్ణయించే అధికారం రాజ్యానికి లేదని, ఆమె శరీరం, ఆమె గోప్యత ఆమెవేనని ఆయన రాశారు. సుప్రీంకోర్టు గోప్యతను హక్కుగా పూర్తిగా ఒప్పుకోవడానికి 34 ఏళ్ళ ముందు మాట ఇది. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు దీన్ని తిరస్కరించింది. ఇంట్లోకి రాజ్యాంగాన్ని తీసుకురావడమంటే పింగాణీ దుకాణంలోకి ఎద్దును తోలడమేనని అంది. ఆ తర్వాత 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ పక్షం చేరింది. 9వ సెక్షన్ బతికింది. దాన్ని మళ్ళీ సవాలు చేస్తూ 2019లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది.

ఇక్కడ ఒక పోలిక చూడాలి. 9వ సెక్షన్ కింద డిక్రీ వచ్చాక భార్య కాపురానికి వెళ్ళకపోతే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 32వ రూలు ప్రకారం ఆమె ఆస్తిని జప్తు చేయవచ్చు. చట్టం భర్తకూ ఇలాగే వర్తిస్తుంది; ఆచరణలో ఎవరి మీద బరువు పడుతుందో తెలియనిది కాదు. ఇష్టంలేని ఇంటి గడప లోపలికి వెళ్ళడానికి నిరాకరించిన స్త్రీకి చట్టం నష్టం రాసిపెట్టింది. ఇష్టం లేనివారి ఇంటి గడప దాటి లోపలికి వచ్చిన కానిస్టేబులుకు న్యాయశాస్త్రం ఏ నష్టమూ రాసిపెట్టలేదు.

2025 జూలైలో ఒక విడాకుల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఈ వరుసలోదే. భార్యకు తెలియకుండా భర్త రికార్డు చేసిన ఫోను సంభాషణలు సాక్ష్యంగా చెల్లుతాయని జస్టిస్ నాగరత్న, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మల ధర్మాసనం చెప్పింది. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే స్థితి వచ్చిందంటే ఆ కాపురంలో నమ్మకం అప్పటికే పోయినట్టేనన్నది ధర్మాసనం ఉద్దేశం. మాట నిజమే కావచ్చు. అయితే నమ్మకం పోయిన ఇంట్లో ఉన్నవాళ్ళకే గోప్యత అవసరం ఎక్కువ. ఇలాంటి కేసులోనే, భార్య ఫోనును భర్త దొంగచాటుగా రికార్డు చేయడం ఆమె గోప్యతకు భంగమని, ఆ టేపులు సాక్ష్యంగా చెల్లవని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పుట్టస్వామి తీర్పుకు దాదాపు పదేళ్ళ ముందే చెప్పి ఉంది. హక్కుకు బలం పెరిగాక రక్షణ తగ్గడం ఒక వింత.

ఇక ఏ ఇంటిని ఇల్లుగా గుర్తిస్తారన్నది మరో ప్రశ్న. హైదరాబాద్‌లో బస్తీలను తెల్లవారుజామున చుట్టుముట్టి, దారులు మూసి, ఇంటింటికీ తిరిగి బండి కాగితాలూ గుర్తింపు కార్డులూ అడిగే తంతు ఉంది. పత్రికలు దాన్ని 'కార్డన్ సెర్చ్' అనో 'నిర్బంధ తనిఖీలు' అనో రాస్తాయి. పట్టుబడిన ద్విచక్ర వాహనాల లెక్కతో వార్త ముగుస్తుంది. ఇలాంటి తనిఖీ జూబ్లీహిల్స్ బంగళాల వరుసలో జరిగినట్టు వార్త చూసినవారు అరుదు. రౌడీషీట్ల సంగతి కూడా అంతే. చట్టం మద్దతు లేని పోలీసు స్టాండింగ్ ఆర్డర్లతో రౌడీషీట్లు తెరవడం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సింగిల్ జడ్జి 2022లో తీర్పు చెప్పారు. ఖరక్ సింగ్ మెజారిటీ చెప్పిన కారణమే అది. 2024 మేలో సుప్రీంకోర్టు ఒక ఢిల్లీ కేసులో, వెనుకబడిన, దళిత, ఆదివాసీ కుటుంబాల అమాయకుల పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లలోకి ఎక్కుతున్నాయని ఆందోళన వెలిబుచ్చి, రాష్ట్రాలన్నీ తమ నిబంధనలను పునఃపరిశీలించాలంది. స్టేషన్లలో రౌడీషీటర్లను వరసగా కూర్చోబెట్టి 'కౌన్సెలింగ్' ఇచ్చిన ఫొటోలు జిల్లా ఎడిషన్లలో ఆ తర్వాతా వస్తూనే ఉన్నాయి.

ఒక్కచోట మాత్రం కోర్టు నష్టం లెక్క కట్టడం మొదలుపెట్టింది. నిందితుల ఇళ్ళను బుల్డోజర్లతో కూల్చే రాజకీయం పలు రాష్ట్రాలకు పాకిన తర్వాత, 2024 నవంబర్ 13న జస్టిస్ గవాయి, జస్టిస్ విశ్వనాథన్‌ల ధర్మాసనం దానికి పగ్గాలు వేసింది. నీడ ఉండే హక్కు 21వ అధికరణంలో భాగమని, నేరారోపణ కారణంగా ఇల్లు కూల్చడమంటే కుటుంబమంతటినీ శిక్షించడమేనని అంది. 15 రోజుల నోటీసు, వ్యక్తిగత విచారణ, కూల్చివేత వీడియో అన్నవి షరతులు. అన్నిటికంటే విలువైనది ఆఖరి షరతు: వీటిని మీరిన అధికారి కోర్టు ధిక్కారానికి బాధ్యుడు కావడమే కాక, కూల్చిన కట్టడాన్ని సొంత ఖర్చుతో పునరుద్ధరించాలి, పరిహారమూ చెల్లించాలి. గోప్యత గురించిన వందల పేజీల తీర్పుల్లో లేని వాక్యం ఇది. ప్రతి అక్రమ సోదాకూ ఇలాంటి వాక్యం ఒకటి ఉండి ఉంటే కేరళలో ఆ రాత్రి తలుపు తట్టేముందు పోలీసులు ఆలోచించేవారు.

ఈ తీర్పుకూ కంతలున్నాయి. రోడ్లు, కాలిబాటలు, రైల్వే స్థలాలు, చెరువులు, నదుల వంటి చోట్ల ఉన్న అక్రమ కట్టడాలకు ఈ రక్షణ వర్తించదు. నగరాల్లో పేదల ఇళ్ళు ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ చోట్లలోనే. చెరువుల పరిరక్షణ అవసరం లేదని ఎవరూ అనరు. కానీ 2024 సెప్టెంబర్‌లో అమీన్‌పూర్‌లో హైడ్రా ఆదివారం పూట చేసిన కూల్చివేతపై తెలంగాణ హైకోర్టు కమిషనర్‌ను నిలదీసి అడిగింది కూడా చెరువు గురించి కాదు. సెలవురోజున, బాధితులకు కోర్టు తలుపు తట్టే వీలు లేని సమయంలో కూల్చడం ఎందుకని అడిగింది. 1985లో ఓల్గా టెలిస్ కేసులో బొంబాయి కాలిబాట వాసులకు జీవనోపాధి హక్కు ఉందని సుప్రీంకోర్టు గొప్పగా ప్రకటించి, వానాకాలం వెళ్ళాక వారిని ఖాళీ చేయించడానికి అనుమతించింది. హక్కు మిగిలింది, గుడిసెలు మిగలలేదు.

2025 ఏప్రిల్ 1న జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భూయాన్‌ల ధర్మాసనం మరో అడుగు వేసింది. 2021లో ప్రయాగ్‌రాజ్‌లో నోటీసు అందిన 24 గంటల్లోపే కూల్చిన ఇళ్ళ కేసు అది. ఆ కూల్చివేత అమానుషమని, చట్టవిరుద్ధమని చెప్పి, ఒక్కో ఇంటి యజమానికి 10 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. చెల్లించవలసింది ప్రయాగ్‌రాజ్ అభివృద్ధి సంస్థ. ఆ సంస్థ ఖజానాలో ఉండేది నగర ప్రజలు కట్టిన డబ్బే. ఇళ్ళు కూలినవాళ్ళు కట్టినదీ అందులో ఉంది.